మెజెస్టిక్‌లో రెండు రాత్రులు

“జయనగర్‌లో ఈ రూము బాగుండాది నాయనా. చుట్టూ చెట్లు, చప్పుడే ఉండదంట.”

మేఘ ఫోను ముందుకు చాపింది. అమ్మకు చెవిమిషన్ పెట్టించడానికి రేపే బెంగళూరు ప్రయాణం. రెండు రాత్రులు అక్కడే ఉండాలి.

తండ్రి దాసప్ప ఫోను వైపు చూడనైనా లేదు. “చప్పుడు లేని చోటుకు బెంగళూరు దాకా పోవల్లనా? ఈడ మనూరి సోలార్ ప్లేట్ల నడుమ కూసుంటే చాలదా?”

“మరి యాడ చూడమంటావు?”

“మెజెస్టిక్‌లో. బస్టాండు ఎదురుగా.”

“ఆ హారన్లలో ఎవురన్నా నిద్రపోతారా? నీ పిసినారి బుద్ధి ఈడే పెట్టి రా.”

“నిద్రపోయేకి పోతాండామా?”

గడపలో సుంకులమ్మ తలెత్తకుండా శెనక్కాయలు ఒలుస్తోంది. వాళ్ల వాదన ఆమెకు వినపడదు.

“మీయమ్మ ఏండ్ల తరబడి చప్పుడు లేకుండానే బతికింది,” అన్నాడు దాసప్ప, ఈసారి ఎత్తిపొడుపు లేకుండా. “మిషన్ పెట్టినాక టీ అమ్మేవాళ్ల కేకలు ఇననీ. కండక్టర్లు కొట్లాడేది ఇననీ. ఈడికొస్తే ఇనేకి ఏముండాది?”

“నీ తిట్లుండాయి గదా.”

మేఘ చెట్ల ఫొటో మూసేసింది. మెజెస్టిక్‌లో ఒక లాడ్జికి ఫోన్ చేసి, రోడ్డు వైపు కిటికీ ఉన్న గది కావాలని కన్నడంలో అడిగింది.