నూకరత్నం పథ్యం

ఆ రోజుల్లో అందరికీ వేసినట్టే పైడమ్మ కాలిన కాలికీ ఆస్పత్రిలో మాట్లాడే చర్మం అంటించారు. అది పొద్దున్నే మొదలుపెట్టేది.

"గుడ్డు, పప్పు పెట్టండి. పెట్టకపోతే ఒంట్లో కండ కరిగించి పుండు పూడుస్తాను."

"గుడ్డెడితే సీము పట్టదేటీ!" అని తల్లి నూకరత్నం దాని నోటిమీద తువ్వాలు కప్పి, కూతురికి చారన్నమే పెట్టేది.

"అమ్మా, నీరసంగా ఉందే."

"పుండు మానీదాకా ఓర్సుకో, నా తల్లి కదూ."

చర్మం అన్నంత పనీ చేసింది. పుండు మచ్చయినా మిగలకుండా మానింది.

నూకరత్నం పొంగిపోయింది. నిలబడలేని పాతికేళ్ల కూతుర్ని చంటిపిల్లలా చంకనెత్తుకుని వీధంతా తిరిగి ఆ కాలు చూపించింది.

"సూసినారా, పత్తెమంటే ఇదీ!"