విప్పి ఉన్న మడత

కంప్యూటర్లో ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్‌లో కోడ్ మడతపెట్టే సెట్టింగ్ పెట్టుకున్నాక, కొత్త ఆఫీసులో ఆమెకు తోడు దొరికింది. సాయంత్రం ఫంక్షన్లన్నీ, అంటే కోడ్‌లో ఒక్కో పని చేసే ముక్కలన్నీ, ఒక్కో వరుసలోకి మడిచేసి వెళ్తుంది. పొద్దున ఫైలు తెరిస్తే ఒక్కటి విప్పి ఉంటుంది. అదీ, ముందురోజు తను తల పట్టుకు కూర్చున్నదే.

తన బల్ల సొరుగులో ‘రాత్రి షిఫ్టు’ అని చీటీ అంటించిన హెడ్‌ఫోన్లున్నాయి. రాత్రిళ్లు ఇదే సీట్లో కూర్చునే మనిషి పనే అనుకుంది. ముఖం తెలియకపోయినా, తన తిప్పలు కనిపెట్టేవాళ్లు ఒకరున్నారు.

ఇవాళ ఉండబట్టలేక సిస్టమ్స్ చూసే ఆయన్ని అడిగేసింది. “రాత్రిపూట ఈ సీట్లో ఎవరండీ?”

“రాత్రి షిఫ్టా? మీరు రాకముందే ఎత్తేశారు మేడమ్.”

“మరి రోజూ ఈ మడత విప్పేదెవరు?”

ఆయన సెట్టింగులు చూసి నవ్వాడు. “మీరేనండీ. కర్సర్ ఎక్కడ వదిలి వెళ్తే, మళ్లీ తెరవగానే అక్కడి మడత దానంతటదే విచ్చుకుంటుంది. తీసేయమంటారా?”

“వద్దులెండి. ఉండనివ్వండి.”

సాయంత్రం అన్నీ మడిచింది. బ్యాగు భుజాన వేసుకున్నదల్లా మళ్లీ కూర్చుంది. ఇవాళ తను అన్నిటికన్నా బాగా రాసిన ఫంక్షన్ మీద కర్సర్ పెట్టి, అప్పుడు ఫైలు మూసింది.

పొద్దున ఒక్కరైనా చూడాలిగా.