నాలుగో అధ్యాయంలో ముసలమ్మ

మూడు శాతం.

నా పరిశోధన గ్రంథాన్ని కంప్యూటర్ జల్లెడ పట్టి, అందులో కాపీ ఎంతుందో తేల్చిన లెక్క అది. పది దాకా క్షమిస్తారు. నాది మూడే. ఆ కాగితాన్ని శుభలేఖలా పట్టుకుని అమలాపురంలో మా గైడ్ స్టెల్లా మేడం గదికి వెళ్లాను.

ఆవిడ సంతకం పెడితే చాలు. సాయంత్రం అయిదు దాటితే గడువు అయిపోతుంది. పాతికేళ్లుగా డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే చేసిన ఆరేళ్ల చాకిరీ గోదాట్లో కలిసిపోతుంది.

నేను ఎంచుకున్న విషయం ఇది: ఒకరు చెప్పిన మాట గుర్తుంటుంది, చెప్పిన మనిషిని మరిచిపోతాం, ఆ మాట మనదే అనుకుంటాం. మనసు చేసే ఈ దొంగతనం మీద రెండు వందల పేజీలు రాశాను. ఆ దొంగతనం ఇతరుల మనసులే చేస్తాయని నా గట్టి నమ్మకం.

మేడం నాలుగో అధ్యాయం తెరిచారు.

"ఈ ముసలమ్మ ఎవరండీ?"

గ్రంథం మొత్తంలో నాకు ప్రాణమైన పేరా అది. అక్షరం ముక్క రాని ముసలమ్మ రోజూ అరుగు మీద బైబిలు తెరిచి కీర్తనలు చదువుతుంది. సరైన చోట పేజీ కూడా తిప్పుతుంది. ఓ రోజు మనవరాలు పుస్తకం తలకిందులుగా ఇస్తే అలాగే చదివేసింది. అది జ్ఞాపకమని ఆవిడకి తెలీదు. చదువే అనుకుంది.

"రాజోలులో మా వీధిలో ఉండేవారండీ."

"మీరు చూసేరా?"

"కళ్లారా చూసేనండీ. కళ్లజోడుకి ఒక పక్క దారం కట్టుకునేవారు."

అబద్ధం కాదు. దారం నాకు నిజంగానే కనిపిస్తోంది.

"పేరు?"

దారం ఉంది గానీ పేరు లేదు. నోటికొచ్చింది అనేశాను.

"వీరలక్ష్మి అండీ."

"బైబిలు చదివే వీరలక్ష్మిగారాండీ?"

"ఆయ్."

మేడం నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"ఆవిడ మా అమ్మమ్మండీ. దానమ్మ. ఆలమూరులో ఊడుపులకి, కోతలకి కూలికెళ్లేది. ఆ దారం నల్లది."

నేను చెప్పబోయిందీ నలుపే.

"ఎక్కడో చదివుంటానండీ," అన్నాను. నా గొంతు నాకే చౌకగా వినిపించింది. "మీ వ్యాసాల్లోనే అయ్యుంటుంది. ఇప్పుడే కింద మీ పేరు వేసేస్తాను మేడం."

"నేనెప్పుడూ అచ్చు వేయించలేదండీ. డిగ్రీ చదివేటప్పుడు ఒకే ఒక్కసారి రాసేను. ఆ తర్వాత మా అమ్మమ్మ గురించి ఎక్కడా రాయబుద్ధి కాలేదు."

మరి నాకెలా తెలిసింది? మనస్తత్వశాస్త్రంలో దీనికి నాలుగు సమాధానాలున్నాయి. నాలుగూ నా గ్రంథంలోనే ఉన్నాయి. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఆవిడ సొరుగులోంచి ఓ ప్లాస్టిక్ కవరు తీసి నా ముందుకు జరిపారు. లోపల, మడతల దగ్గర చిరుగుతున్న అసైన్‌మెంట్ కాగితం. ఇరవై రెండేళ్ల కిందటి తేదీ. ముసలమ్మ, బైబిలు, అరుగు, దారం. నా పేరా, కామాలతో సహా.

దాని పక్కన మార్జిన్‌లో ఎర్ర సిరాతో 'ఇది నీ సొంతం కాదు, ఎక్కడ కాపీ కొట్టావు?' అని రాసి, సున్నా చుట్టి, కింద లెక్చరర్ అని ఉన్నచోట పెట్టిన సంతకం నాది.