ఉలిక్కిపడని మనిషి

"మీ ఆయనకు చెవుడూ లేదు, గివుడూ లేదు. అంతా నటన," అన్నాడు క్వారీ కంపెనీ డాక్టరు.

నా ఒళ్లు మండిపోయింది. "ఇరవై రెండేళ్లు మీ క్వారీలో బండలు పేల్చిన మనిషండీ. చెవుల్లో పెట్టుకోవడానికి ఇంత దూదైనా ఇచ్చారా? మీరు రాస్తేనే కదా కంపెనీ చెవి మిషను ఇచ్చేది!"

సరిగ్గా అప్పుడే ఆకాశం బద్దలైనట్టు పెద్ద చప్పుడు. వెనక కిటికీ అద్దం భళ్లున రాలింది. నేను గోడకు అతుక్కుపోయాను. డాక్టరు బల్ల కిందికి దూరాడు.

మా ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. బల్ల కిందికి వంగి చూసి, "ఏం పడిపోయింది డాక్టరుగారూ, నేను వెతకనా?" అన్నాడు.

నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఉల్కండీ! పొలాల మీదుగా మండుకుంటూ పోయి పేలింది. నా కళ్లతో చూశాను!"

"ఇప్పుడేమంటారు? ఊరంతా అదిరిపోయింది. ఈ మనిషి రెప్పైనా వేయలేదు!" అని నిలదీశాను.

డాక్టరు బట్టలు దులుపుకుని కూర్చున్నాడు. కాగితం లాక్కుని రాస్తుంటే తొంగి చూశాను.

"పేలుళ్లకు బాగా అలవాటుపడిన మనిషి. అందుకే ఉలిక్కిపడలేదు. చెవులు బాగానే ఉన్నాయి."

పెన్ను కదలడం చూసి మా ఆయన మొహం వెలిగిపోయింది. పని అయిందనుకుని లేచి నిలబడి, "చాలా సంతోషం డాక్టరుగారూ!" అన్నాడు, గది మారుమోగేలా.

డాక్టరు రెండు చెవులూ మూసుకున్నాడు.

"అరవకయ్యా! నాకేం చెవుడు లేదు."