నల్లగీత

మార్కాపురం బస్టాండు దగ్గర చెన్నకేశవులు జిరాక్సు షాపులో ఏ కాగితం తీసినా దాని మీద నిలువునా ఒక నల్లగీత పడుతుంది.

మిషన్ అద్దం ఎప్పుడో గీసుకుపోయింది. మార్చమంటే, "అది మా షాపు నామంలే" అని నవ్వేస్తాడు.

చెడిపోయిన కాపీలన్నీ పక్కనే బజ్జీలు వేసే అలివేలమ్మకు ఇస్తాడు. ఇంటి గుట్టు గడప దాటనివ్వని మహానుభావులు కూడా తమ ఆధార్ కాగితంలోనే మిరపకాయ బజ్జీ తిని, నూనె చేతులు దానికే తుడుచుకుని పోతుంటారు.

ఒకరోజు భుజాన గుడ్డసంచితో ఒక ముసలాయన వచ్చాడు. బజ్జీల కాగితాన్ని వెలుగుకు పెట్టి చూశాడు.

"ఈ గీత నీ మిషన్‌దేనా నాయనా?"

"ఔ. ఏం కావాల?"

ఆయన చాలాసేపు కేశవులు ముఖంలోకి చూశాడు.

"ఏం లేదు. ఈ చిత్తుకాగితాలు ఎవురికీ ఇయ్యగాకు. చించి పారేయి."

"మా నంబర్లతో ఎవురేం జేసుకుంటారు పెద్దాయనా? మా కాడ ఏముందని?"

అలివేలమ్మ పకపకా నవ్వింది.

వారం రోజులు ముసలాయన అక్కడే తిరిగాడు. జనం పారేసిన కాగితాలు ఏరుకుని సంచిలో వేసుకునేవాడు. పిచ్చివాడనుకున్నారు.

శనివారం మధ్యాహ్నం ఎవరో ఆ సంచి లాగి కుమ్మరించారు. అన్నీ ఆధార్ కాపీలే! పైనే కేశవులు భార్య నాగమణి ఫోటో.

కేశవులుకు ఒళ్ళు తెలియలేదు. షాపులో బడిపిల్లల కోసం అమ్మకానికి పెట్టిన రాతిపలక తీసి ముసలాయన నెత్తిన బాదాడు. పలక రెండు ముక్కలైంది. నెత్తురు చిమ్మింది.

"దొంగ నాయాలా! నా పెండ్లాం కాగితం నీకెందుకురా?"

"కాగితం చూడు నాయనా... ఒక్కసారి చూడు..."

ఎవరూ చూడలేదు. మంచి పనికి ఏనాడూ కదలని మనుషులు దీనికి మాత్రం తలా ఒక చెయ్యి వేశారు. చెప్పుతో ఒకడు, కర్రతో ఒకడు. కిందపడ్డాక డొక్కలో తన్నారు. ఎముకలు విరిగిన చప్పుడు అలివేలమ్మ పొయ్యి దాకా వినిపించింది.

గిద్దలూరు బస్సు కండక్టరు జనాన్ని తోసుకుని వచ్చేసరికి ఆయనలో ఊపిరి లేదు.

"అయ్యో, మా ఊరి ఓబులయ్య గదరా! ఏంది ఇట్ల చంపేసినారు? ఈయన కొడుకు ఆధార్ కాగితం ఎవునికో దొరికింది. వాడు దాంతో సిమ్ము తీసుకోని జనాన్ని ముంచినాడు. పిల్లోడే దొంగ అనుకోని అందరూ కొట్టి చంపినారు. ఇంకెవురికీ అట్ల కాగూడదని ఈయన ఈ పని పట్టినాడురా!"

కేశవులు నాగమణి కాగితం తీశాడు. నంబరు కనబడకుండా దట్టంగా ఇంకు పూసి ఉంది. కిందపడిన ప్రతి కాగితానికీ అంతే.

సంచి అడుగున, ప్లాస్టిక్ కవరులో, ఒక పాత కాపీ మాత్రం మిగిలింది.

నూనె మరకల మధ్య నవ్వుతున్న ఇరవై ఏళ్ల కుర్రాడు. వాడి ముఖం మీదుగా, నిలువునా, ఒక నల్లగీత.