అదురు

“ఉన్నమాట చెప్తాండా. దీన్ని కొనొద్దప్పా,” అన్నాడు రంగనాథ్.

తన మజ్జిగ పుల్లగా ఉందని ఎవరూ చెప్పుకోరంటారు. కడపలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే రంగనాథ్‌కు మాత్రం ఆ తెలివి లేదు. హోమ్ థియేటర్ రిసీవర్, దాంతోపాటు నడుమెత్తు స్పీకర్ పెట్టెలు రెండు అమ్ముతానని ఫోన్లో ఫొటోలు పెట్టింది ఆయనే. తీరా వేంపల్లె నుంచి మనిషి బస్సెక్కి వచ్చి సోఫా అంచున కూర్చున్నాక అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

వచ్చినతని పేరు వసంతకుమార్. బోరు మోటార్లు రిపేరు చేస్తాడు.

“ఏం రోగం సార్ దీనికి?”

“అదురు. పెట్టె అదురుతాది, కింద బండలు అదురుతాయి. కింది ఇంటోళ్లు రెండుసార్లు పైకొచ్చి కొట్లాడినారు.”

“ఎంత అదురుతాది సార్?”

మంచినీళ్లు తెచ్చిన భార్య నాగలత అందుకుంది. “గొంతులు కూడా బాగుండవన్నా. కుండలో మూతి పెట్టి మాట్లాడినట్టు ఉంటాది. ఇదొచ్చినాక ఒక్క సినిమా తృప్తిగా చూడలేదు నేను.”

“ఒకసారి నా ఫోన్లో పాట పెట్టి చూడొచ్చా అక్కా?”

వసంతకుమార్‌కు పొద్దున్నుంచి ఇది మూడో ఇల్లు. మొదటి ఇంటాయన తన రిసీవర్లో గొంతు తేటగా పలుకుతుందన్నాడు. అలాగే పలికింది. రెండో ఇంటాయన, పాడేవాళ్లు ఊపిరి తీసుకునేది కూడా వినబడుతుందన్నాడు. అదీ నిజమే. రెండు చోట్లా వసంతకుమార్ అరచేయి పెట్టెకు ఆనించి, కాసేపు చూసి, దండం పెట్టి బయటికొచ్చేశాడు.

ఇక్కడ పాట మొదలైంది. డోలక్ దెబ్బకు కిటికీ అద్దం గలగలలాడింది. పాడుతున్న ఆడమనిషి గొంతు మొద్దుగా, మాటలు కలిసిపోయి వచ్చింది. వసంతకుమార్ పెట్టె మీద చేయి పెట్టాడు. తర్వాత వంగి రొమ్ము ఆనించాడు. లేచేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

“మా ఆమె పాట సార్. పేరు స్తుతి. చర్చిలో పాడింది. పోయి ఏడాదైంది.”

నాగలత చేతిలోని గ్లాసు కింద పెట్టింది. రంగనాథ్ మెల్లగా అడిగాడు. “ఎవరికోసమప్పా ఇది?”

“మా పాప నిస్సీకి. ఏడేండ్లు. సాయంత్రం ఇంట్లో ప్రార్థన చేసుకుంటాం సార్. వాళ్లమ్మ పాడేటప్పుడు దాన్ని రొమ్ముకు ఆనించుకునేది. అది అట్లే నిద్రపోయేది. ఇప్పుడు ప్రార్థన టయానికి గడప దాటి లోపలికి రాదు. అన్నం తినదు. మా అమ్మ పాడింది, చర్చి ఆడోళ్లొచ్చి పాడినారు. పాప లేచి పక్కకు పోతాది. ఈ పాటే ఫోన్లో పెట్టి చేతికిస్తే కాసేపు పట్టుకోని కింద పెట్టేసింది. పిల్ల రోజురోజుకు ఎండిపోతాంది సార్.”

“అట్లయితే ఇది అసలే వద్దు. బిడ్డకు తల్లి గొంతు తల్లి గొంతు మాదిరే ఉండాల. ఆ మొదటి ఇంట్లోదే తీసుకో, నేనొచ్చి మాట్లాడతా.”

“నాకిదే కావాల సార్.”

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. రంగనాథ్ ఒప్పుకున్నాడు. కానీ చెడ్డ వస్తువును తల్లి లేని పిల్లకు అంటగడుతున్నానన్న బాధ ఆయన్ను వదల్లేదు. దగ్గరుండి అమరిస్తే గొంతు కొంచెమైనా బాగుపడుతుందేమోనని పెట్టెలు తన కార్లోనే వేసుకుని వేంపల్లెకు బయల్దేరాడు.

వసంతకుమార్ ఇంటి గడప పక్కన ఒక పిల్ల చింతగింజలతో ఆడుకుంటూ ఉంది. చెంపలు పీక్కుపోయి ఉన్నాయి.

“ఏం పాపా, బాగుండావా?” అన్నాడు రంగనాథ్. నిస్సీ తలెత్తలేదు. మనసు విరిగిన పిల్లను ఇంకా కదిలించడం ఎందుకని ఆయన లోపలికి నడిచాడు.

వసంతకుమార్ తల్లి జీవమ్మ చాప పరిచింది. రంగనాథ్ గంటసేపు కూర్చుని వైర్లు కలిపి, ఒక్కొక్క సెట్టింగూ సరిచేసి, అదురు బాగా తగ్గించాడు. పాట పెట్టగానే ఈసారి స్తుతి గొంతు తేటగా వచ్చింది.

“మా కోడలే. ఎదురుగా కూచోని పాడినట్టే ఉండాది నాయనా,” అని జీవమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గడప దగ్గర నిస్సీ గింజలు లెక్కపెట్టుకుంటూనే ఉంది. రంగనాథ్‌కు మనసు చివుక్కుమంది.

వసంతకుమార్ వచ్చి, ఆయన చేసిందంతా చెరిపేశాడు. అదురు చివరికంటా పెంచాడు, సౌండు ఇంకా పెంచాడు. గొంతు మళ్లీ మొద్దుబారింది. అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. బంగారం లాంటి గొంతును మట్టి చేస్తున్నాడే అని రంగనాథ్‌కు కోపం కూడా వచ్చింది.

వసంతకుమార్ కూతుర్ని ఎత్తుకొచ్చి పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు. చిన్ని రొమ్మును పెట్టెకు ఆనించాడు. నిస్సీ ఉలిక్కిపడి రెండు చేతులతో పెట్టెను తోసింది. తోసిన చేతులు అక్కడే ఆగిపోయాయి. వేళ్లు మెల్లగా విచ్చుకున్నాయి. కాసేపటికి ఆ పిల్ల పెట్టెను చేతులకు అందినంత వాటేసుకుని, చెంప ఆనించి, కళ్లు మూసుకుంది.

జీవమ్మ చాప మీద అలాగే కూలబడి దేవునికి స్తోత్రం చెప్పుకుంది. పాట అయిపోగానే నిస్సీ కళ్లు తెరిచి తండ్రి వైపు చూసింది. అతను మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.

తాను పనికిరాదన్న వస్తువు ఈ ఇంట్లో ఇంత పని చేస్తుందని రంగనాథ్ అనుకోలేదు. అయినా పంతులు బుద్ధి కదా, ఊరుకోలేక వసంతకుమార్ భుజం తట్టాడు.

“ఇంక సౌండు తగ్గియ్యప్పా. ఇంత దగ్గర కూచుంటే పాప చెవులు చెడిపోతాయి.”

వసంతకుమార్ కూతురి మీద నుంచి చూపు తిప్పలేదు.

“మా పాపకు పుట్టినప్పట్నుంచి చెవులు వినపడవు సార్.”