ఖాళీగా రాని గిన్నె

"కొని రెండు నెలలు కాలేదు, చూడండి అత్తయ్యా," అంటూ సనోబర్ కూతురి బూట్లు తిరగేసి చూపించింది. రెండు అడుగులకీ చిల్లులు పడ్డాయి.

అత్తగారు హోజర్ కొత్తిమీర ఏరుతోంది. తల ఎత్తలేదు.

"పిల్ల బరువుకి అరిగాయి. వాటిదేం తప్పు?"

"ఆ బరువు ఎవరి పుణ్యం?"

"నా పుణ్యమే. పుట్టినప్పుడు కోడిపిల్లలా ఉండేది. మనిషిని చేశాను."

"కొత్తవి కొనాలి."

"కొను. బూట్లకి డబ్బుంటుంది. మూడు వంతెనల అవతలున్న మా చెల్లెల్ని ఒకసారి చూపించి తీసుకురమ్మంటే మాత్రం నీ మొగుడి కారులో పెట్రోలుండదు."

సనోబర్ బూట్లు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

పదేళ్ల ఓయ్‌దిన్ బరువు నలభై మూడున్నర కిలోలు. ఈ సంగతి ఉజ్బెకిస్తాన్‌లోని చుస్త్ ఊళ్లో ఆ పేట మొత్తానికి తెలుసు. మార్చిలో పేట సంఘం పిల్లల లావు మీద యుద్ధం ప్రకటించింది. బడి పక్క కొట్టులో చిప్స్ పొట్లాలు వెనక అరలోకి వెళ్లాయి. పెళ్లిళ్లలో పిల్లల దోసిళ్లలో మిఠాయిలు పోయడం ఆగింది. శుక్రవారం వస్తే సంఘం వాకిట్లో, బజారులో ఉల్లిపాయలు తూచే కాటా మీద పదకొండు మంది పిల్లల్ని నర్సు మునిసా ఒక్కొక్కరిగా నిలబెట్టి తూచేది. బరువులు బోర్డు మీద రాసేది.

ఓయ్‌దిన్ మే నెలాఖరుకి నలభైకి దిగాలి. అప్పుడే కొండల మీది వేసవి శిబిరానికి నర్సు సంతకం పెడుతుంది. ఆ పిల్ల అప్పుడే సంచి సర్దుకుని మంచం కింద దాచుకుంది. మెడలో వేసుకోవడానికి ఈల కూడా కొనుక్కుంది.

సంఘానికి ఎదురు తిరిగింది హోజర్ ఒక్కతే. "ఒంట్లో కండ లేకపోతే అదేం పిల్ల? ముందు ఈ నర్సమ్మకి ఎవరైనా కడుపునిండా పెట్టండి," అంది అందరి ముందూ. అందరూ నవ్వారు. ఈనెపుల్లలా ఉండే మునిసా నవ్వలేదు.

సనోబర్ కుట్టుపనికి వెళ్లి సాయంత్రం ఆరింటికి వస్తుంది. వచ్చేసరికి రోజూ ఒకటే దృశ్యం. అరుగు మీద మూతపెట్టిన నీలం గిన్నె. ఓయ్‌దిన్ పెదాల మీద కలకండ జిగురు. పిల్ల చెంబెడు నీళ్లు గటగటా తాగి చాప మీద వాలిపోయేది. తీపి తింటే దాహం వేస్తుందని నర్సు చెప్పనే చెప్పింది.

ఆ పేటలో ఎవరింట్లో ఏం వండినా పిల్లల చేత పక్కింటికి ఒక గిన్నె వెళ్తుంది. వెళ్లిన గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు.

"ఇవాళ కూడా గిన్నె పంపారా అత్తయ్యా?"

"పంపాను. వద్దని బోర్డు మీద రాశారా?"

"ఒక్కటే ముక్కమ్మా," అంది ఓయ్‌దిన్ పడుకునే. "అదీ చిన్నది."

సనోబర్ గోడ మీంచి పక్కింటి ఇనోబత్‌ని పిలిచింది. "పిన్నీ, మా పిల్లకి కలకండ పెట్టకండి."

"నేనా? మీ గిన్నె మొహం చూసి నెల దాటింది," అంది ఇనోబత్ నిష్ఠూరంగా.

ముసలాళ్లంతా ఒకటే జట్టు అనుకుంది సనోబర్. ఆ రాత్రి నుంచి కూతురి పలావులో నూనె వంపేసి, సగం అన్నం తీసేసి, కారెట్ పెట్టడం మొదలుపెట్టింది.

చివరికి కోడలు చెయ్యకూడని పని కూడా చేసింది. వెళ్లి నర్సుకి చెప్పింది.

గురువారం మునిసా తనిఖీకి వచ్చింది. హోజర్ పొయ్యిలో కాల్చిన సమోసాల్లాంటి వేడివేడి మాంసం సంసాలు ముందు పెట్టింది. "తినకుండా నా గడప దాటితే నాకు తలవంపులు నర్సమ్మా," అంది. తీపి, కొవ్వు చేసే చేటు గురించి చెబుతూ చెబుతూ మునిసా మూడు తినేసింది. నాలుగోది చేతిలో ఉండగా అసలు సంగతికొచ్చింది.

"పెద్దమ్మా, ఈ గిన్నెల రాకపోకలు ఆపాలి."

హోజర్ కోడలి చేతిలోంచి టీ కూజా అందుకుని నర్సు కప్పులో తనే పోసింది. అంచు దాకా పోసింది. ఆ ఊళ్లో సగం పోస్తే ఇంకాసేపు కూర్చోమని. నిండా పోస్తే ఇక బయల్దేరమని.

నర్సు బయల్దేరింది.

మర్నాడే ఆఖరి శుక్రవారం. ఓయ్‌దిన్ కళ్లు మూసుకుని కాటా ఎక్కింది. మునిసా ముల్లు చూసింది. పిల్లని దింపి, కాటాని ఒకసారి తట్టి, మళ్లీ ఎక్కించింది.

"ముప్పై తొమ్మిదిన్నర."

వాకిలంతా వినబడేలా ఓయ్‌దిన్ ఈల ఊదింది. మిగతా పదిమందిలో ఒక్కరూ దిగలేదు. ఇద్దరు పెరిగారు కూడా.

"ఏం చేశావు సనోబర్?" అంది నర్సు.

"కారెట్," అంది సనోబర్ సిగ్గుపడుతూ.

మునిసా బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'కారెట్' అని రాసింది. తల్లులందరూ చూసి రాసుకున్నారు. హోజర్ వెనక బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటోంది.

ఆ రాత్రి అందరూ భోజనానికి కూర్చున్నారు. రొట్టె తుంచుతూ కొడుకు హుసన్ మెల్లగా మొదలుపెట్టాడు.

"చూశావుగా అమ్మా. సనోబర్ కష్టం ఫలించింది. సంతకం కూడా అయిపోయింది. ఇకనైనా ఆ గిన్నె సంగతి..."

"అదే ఆలోచించాను. ఒక నిర్ణయానికొచ్చాను," అంది హోజర్.

అందరి చేతులూ ఆగాయి. ఓయ్‌దిన్ నాన్నమ్మ మొహంలోకి చూసింది.

హోజర్ మనవరాలి పళ్లెంలో ఇంకో మాంసం ముక్క వేసి చెప్పింది:

"శిబిరంలో కొండలెక్కాలి కాబట్టి, రేపటి నుంచి గిన్నె మూడు వంతెనల అవతలున్న మా చెల్లెలింటికి కాదు, ఇంకా పైన గుట్ట మీదున్న మా తమ్ముడింటికి వెళ్తుంది."